కుట్టిన మూట

దూరం వెళ్లే బండి ఏదైనా ఊళ్లోంచి కదలబోతోందంటే రెండు రోజుల ముందే ఎవరో ఒకరు వచ్చి వర్వార తలుపు తట్టేవాళ్లు. "మా వాడికి దారిమూట కట్టిపెట్టమ్మా, నీ చెయ్యి పడితే మాకు ధైర్యం" అనేవాళ్లు. కిందటి చలికాలం నుంచి ఆ తలుపు తట్టినవాళ్లు లేరు. కట్టుకున్న మొగుడికే బూట్లు పెట్టడం మరిచిపోయినదాని చేత మూట ఎవరు కట్టించుకుంటారు? ఆ మాట ఆమె ముఖం మీద అన్నది ఒక్క పొరుగింటి లుకేర్యాయే. మిగతావాళ్లు అనలేదు గానీ, రొట్టెల కొట్లోకి వర్వార అడుగు పెట్టగానే మాటలు ఆపేసేవాళ్లు. అంతకన్నా ఇంకేం అనాలి?

సోమవారం మధ్యాహ్నం యాకుత్స్క్ ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అత్తగారు ఫెవ్రోన్యాకి శుక్రవారం గుండె ఆపరేషన్. గురువారం సాయంత్రానికల్లా చేర్పించాలి. దారి ఏడు వందల కిలోమీటర్లు. బయట సున్నాకి కింద యాభై రెండు డిగ్రీలు, ఎదురింటి కంచె కూడా కనపడనంత పొగమంచు. చిన్న విమానం వారం రోజులుగా ఎగరడం లేదు.

"బుధవారం పొద్దున్నే బయల్దేరదాం," అన్నాడు మరిది కేషా, టీ ఊదుకుంటూ. "బండికి కొత్త బెల్టు వేశాను. దారిమూట లుకేర్యా పిన్ని కడతానంది. ఇందాకే అడిగి వచ్చాను."

వర్వార పొయ్యిలోకి కట్టె తోస్తూ ఉంది. వెనక్కి తిరగలేదు. ఆ మాటకి చివుక్కుమనాల్సిన మనసు, అలవాటైపోయి, ఊరుకుంది.

పొయ్యి పక్కన పీట మీద కూచుని ఫెవ్రోన్యా జింకతోలు చెప్పులకి అట్ట కుడుతోంది. ఎడమచేతివాటం మనిషి. డెబ్బై నాలుగేళ్లొచ్చినా సూది తడబడదు. తల ఎత్తకుండానే అంది: "మూట వర్వార కడుతుంది."

కేషా కప్పు కింద పెట్టాడు. "అమ్మా, ఎందుకులే. వదినకి మళ్లీ అవన్నీ ముట్టుకోవడం..."

"నీకు చెవుడా? ఆమె కట్టకపోతే నేను బండెక్కను. ఇక్కడే పడి చస్తాను. తరవాత నీ ఇష్టం."

 వర్వార చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. ఏడాదిగా ఈ మనిషి తన మొహంలోకి సూటిగా చూసింది లేదు. ఒక్క మాట తిట్టలేదు, ఒక్క మాట ఓదార్చలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే బల్ల దగ్గర తిని, గోడకేసి చూస్తూ లేచిపోయేవాళ్లు. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి తన మొహం చూడబుద్ధి కాదులే అని వర్వార సరిపెట్టుకుంది. ఇప్పుడు ఈ మాట అంది. అత్తయ్య క్షమించిందన్నమాట. పోయేలోగా క్షమించాలనుకుందన్నమాట.

"కడతాను అత్తయ్యా," అంది, కట్టెని పొయ్యిలోకి తోసేస్తూ.

మంగళవారం పొద్దున సామాన్లన్నీ చలికొట్టులోంచి తెచ్చి నేల మీద పరిచింది. ఏడాది తరవాత కూడా చేతులకి వరస గుర్తుంది. అడుగున ఇంజను కింద నూనె కరిగించే బ్లో లాంపు, దాని పక్కన తాడు, చేతిగొడ్డలి, మడత పార. ఆ పైన భూర్జ చెట్టు బెరడు చుట్టలు రెండు, తడి మంచులో కూడా అంటుకునేవి. ఖాళీ కాఫీ డబ్బాలో లావు కొవ్వొత్తి. బండి అద్దం రవ్వంత దించి దాన్ని వెలిగిస్తే నాలుగైదు గంటలపాటు వేళ్లు కొంకర్లు పోకుండా ఉంటాయి. అగ్గిపెట్టెలు మూడు. ఒకటి మైనంలో ముంచి సీసాలో, ఒకటి మేజోడులో, ఒకటి దుప్పటి మడతలో. ఒకచోట తడిస్తే ఇంకోచోట ఉంటుంది. గడ్డకట్టిన వెన్న గొడ్డలితో ముక్కలు కొట్టి గుడ్డలో చుట్టింది. ఎండుమాంసం, చక్కెర, టీ ఆకు. ఆ పైన కుందేలు తోళ్ల దుప్పటి. అన్నిటికన్నా పైన బూట్లు. గొర్రె ఉన్ని తొక్కి చేసిన పొడుగు బూట్లు, లోపల ఎండుగడ్డి కూరి. నడపడానికి డ్రైవర్లు పల్చటి జోళ్లే వేసుకుంటారు, బండి ఆగిపోతే చెయ్యి ముందు బూట్లకే పోవాలి. అందుకే అవి పైన.

చేతులు అక్కడికొచ్చి ఆగిపోయాయి.

ఆ రోజు పెట్టిందా, లేదా? ఏడాదిగా రోజూ ఇదే ప్రశ్న. పెట్టినట్టే గుర్తు. ఒకదాని మడమ ఇంకోదాని ముక్కుకి ఆనించి, దుప్పటి మీద అదిమినట్టు గుర్తు. కానీ అలా అదిమింది ఒక్కసారా? ఇరవై రెండేళ్లలో ఎన్ని వందల మూటలు కట్టింది! ఆ గుర్తు ఏ మూటదో ఎలా చెప్పగలదు? బూట్లు మాత్రం ఇంటి వసారాలోనే దొరికాయి. మొగుడు ప్రొకోపి పోయిన కబురొచ్చిన రోజు, ఇంటినిండా జనం ఉండగా, లుకేర్యా వాటిని పైకెత్తి, "ఇవిగో, ఇక్కడే ఉన్నాయి చూడండమ్మా!" అని అరిచింది. కేషా ఏడుస్తూనే చెప్పాడు: "అవును, అన్న బయల్దేరే ముందురోజు సాయంత్రం వల తియ్యడానికి నేనే తొడుక్కెళ్లాను. ఇంట్లోనే ఉన్నాయి." ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఇంక వర్వార ఎవరికి ఏం చెప్పుకుంటుంది? తనకి తాను చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ప్రొకోపి లారీ ఇరుసు విరిగింది. ఒక రాత్రి, ఒక పగలు కాచుకున్నాడు. స్టెప్నీ టైరు కూడా కాల్చుకున్నాడు. పొగమంచులో ఒక్క బండి రాలేదు. రోడ్డు పనివాళ్ల గది పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. పదకొండు నడిచాడు, పల్చటి జోళ్లతో. బూట్లుంటే మిగిలిన మూడూ నడిచేసేవాడని ఊరంతా అంది. నిజమే కదా, నడిచేసేవాడు.

"ఏంటి ఆగిపోయావ్?" అంది ఫెవ్రోన్యా. మంచం మీద కూచుని అంతసేపూ చూస్తూనే ఉంది.

"గోనెపట్టా తేవాలి. కొత్తది ఒకటుంది."

"కొత్తది వద్దు."

ముసలామె ఆయాసపడుతూ వంగి మంచం కింది పెట్టె లాగింది. వర్వార సాయం పోబోతే చేత్తో ఆపేసింది. అడుగు నుంచి మడతపెట్టిన పాత గోనెపట్టా తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఒక జత బూట్లు. ప్రొకోపి మూటా, ప్రొకోపి బూట్లూ. పోలీసులు ఆ మూట తిరిగి తెచ్చి ఇచ్చిన రోజు వర్వార మొహం తిప్పేసుకుంది. తరవాత అవి ఏమయ్యాయో అడిగే ధైర్యం చెయ్యలేదు.

"దీంట్లో కట్టు."

"అత్తయ్యా, నా వల్ల కాదు. దండం పెడతాను."

"దీంట్లోనే కట్టాలి. ముందు పాత దారం ఊడదియ్యి. అలా కిటికీ దగ్గరికెళ్లు. వెలుతురులో కూచుని తియ్యి."

ఆ గొంతులో ఏదో ఉంది. మొండితనం కాదు, బతిమాలినట్టుంది. వర్వార పట్టా తీసుకుని కిటికీ దగ్గర కూచుంది.

దారిమూట మూతిని కుట్టేస్తారు. ఎర్ర ఉన్నిదారంతో, దగ్గర దగ్గరగా. ఒకసారి కుట్టాక దాన్ని ఇంట్లో విప్పకూడదు. దారిలో ఆపద వస్తే కత్తి పెట్టి కొయ్యాలి, రాకపోతే తిరిగొచ్చాక కట్టినవాళ్లే విప్పాలి. ఇంట్లో విప్పడమంటే ఆపదని పేరు పెట్టి పిలవడమేనని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ప్రొకోపి మూతి మధ్యలో కోశాడు. అటు జానెడు, ఇటు జానెడు కుట్టు ఇంకా అలాగే ఉంది. దారం మీద లారీ నూనె మరకలు. అతని చేతి మరకలే అయ్యుంటాయి. వర్వార కళ్లు తుడుచుకుని సూదిమొన కింద పెట్టి మొదటి కుట్టు లేపబోయింది.

లేపకుండా ఆగింది.

కుట్టు వాలు తప్పుగా ఉంది. తను కుడితే పైనుంచి కుడివైపు దిగుతుంది. ఇది ఎడమవైపు దిగుతోంది. పట్టాని తిప్పి చూసింది. తిరగేసి చూసింది. ఎలా చూసినా అంతే. ఒడిలో ఉన్న గుడ్డపీలిక తీసుకుని, అదే ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసి పక్కన పెట్టింది. రెండూ ఒకదానికొకటి ఎదురుగా వాలి ఉన్నాయి. ముడి కూడా తనది కాదు. తను దారం కొరికి వేలెడు తోక వదిలేస్తుంది. ఇక్కడ ముడిని లోపలికి దాచేశారు, జింకతోలు చెప్పులకి దాచినట్టు.

ఆ ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టేది ఒక్కరే.

 వర్వార తల ఎత్తింది. ఫెవ్రోన్యా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఏడాది తరవాత మొదటిసారి కోడలి మొహంలోకి చూస్తోంది.

"నువ్వు విప్పావా?" అంది వర్వార. 

"విప్పాను."

"ఎందుకు?"

"కేషా బూట్లు తడిసి ముద్దయ్యాయి. వల మంచు కింద ఉండిపోయిందని ఏడుపు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పాదం. అట్ట నువ్వు కొత్తగా వేశావు, నీళ్లు దిగవు. ఒక్క గంట అనుకున్నాను. వాడు రాగానే మళ్లీ పెట్టేద్దామని మూతి కుట్టి ఉంచాను, నీకు తెలిస్తే అరుస్తావని. వాడేమో ఆలస్యంగా వచ్చాడు. నాకు కన్నంటుకుంది. బండి చప్పుడుకి లేచాను. వసారాలోకి పరిగెత్తేసరికి..." ముసలామె చేత్తో గాలిలోకి చూపించింది, బండి పోయిన దిక్కు. "బూట్లు తడితడిగా అక్కడే ఉన్నాయి. ఎప్పుడన్నా అవసరం పడిందా ఏంటి, రేపు వచ్చేస్తాడులే అనుకున్నాను."

"ఏడాది అత్తయ్యా!" వర్వార లేచి నిలబడింది. పట్టా ఒడిలోంచి జారిపోయింది. "ఏడాదిపాటు రోజూ నా మొగుణ్ణి నేనే చంపుకున్నాననుకున్నాను. నిద్రలో కూడా లేచి వసారాలో వెతికేదాన్ని. నీకు కనపడలేదా? పక్క మంచం మీదే ఉన్నావు కదా! లుకేర్యా నా ముఖాన ఉమ్మేసినంత పని చేస్తే నువ్వు కూచుని చెప్పులు కుట్టుకున్నావు!"

"నేనే విప్పానని అన్నాను. లోపల అన్నాను. నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"కేషాకి చెప్పలేదు. వసారాలో ఉన్నవేనని చెప్పి ఇచ్చాను. అన్న కోసం కట్టిన మూటలోవి తను తొడుక్కెళ్లానని తెలిస్తే వాడు బతుకుతాడా? అప్పటికే తాగుతున్నాడు. నిన్న కాక మొన్న మానేశాడు. ఒకణ్ణి మట్టిలో పెట్టాను. రెండోవాణ్ణి కూడా పెట్టనా? నువ్వు గట్టిదానివి. నువ్వు మోస్తావనుకున్నాను." ఫెవ్రోన్యా మంచం మీద కూలబడింది. "కోసే బల్ల మీద నేను పోతే ఇది నాతోనే పోతుంది. నీకు ఎప్పటికీ తెలీదు. అది మాత్రం కుదరదనిపించింది."

 వర్వారకి ఆ ముసలిదాన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. వీధిలోకి పోయి, లుకేర్యా తలుపు బాది, "ఇదిగో చూడవే!" అని ఆ పట్టా ముఖాన కొట్టాలనిపించింది. పట్టా తీసుకుని తలుపు దాకా వెళ్లింది కూడా.

తలుపు బయటినుంచి తెరుచుకుంది. తెల్లటి ఆవిరి మేఘంతో పాటు కేషా లోపలికొచ్చాడు, కనుబొమల నిండా మంచుతో. చేతిలో తల్లి కోసం మంచుగడ్డ కట్టిన పాల పలక. వదిన మొహం చూసి నవ్వు ఆపేశాడు. నేల మీద పరిచిన సామాన్లూ, బల్ల మీద అన్న బూట్లూ చూశాడు. అర్థమైందనుకున్నాడు.

"వదినా," అన్నాడు టోపీ తీసి. "ఎప్పుడో చెప్పాలనుకున్నాను. నేను నిన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. ఒట్టు. మనిషన్నాక మరుపు వస్తుంది. అన్న కూడా నిన్ను ఏమీ అని ఉండడు, పోతూ పోతూ కూడా. ఆ బూట్లు ఇంట్లో ఉన్నాయని నేను నోరు జారకుండా ఉండాల్సింది. అది నా తప్పే. దానికి నన్ను నువ్వే క్షమించాలి."



కేషా కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఆరేళ్ల మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా టోపీని నలుపుతూ నిలబడ్డాడు. రెండు రోజులు నిద్ర లేకుండా తల్లిని కూచోబెట్టుకుని బండి నడపాలి ఇతను. కనుమ ఎక్కాలి, ఆల్డాన్ నదిని గడ్డ మీదుగా దాటాలి. ఒక్క మాట చాలు. నాలుక చివరే ఉంది.

"తలుపు వెయ్యి కేషా," అంది వర్వార. "చలి లోపలికొచ్చేస్తోంది."

అతను వేశాడు. ఆమె కిటికీ దగ్గరికి తిరిగి వెళ్లి కూచుని, ఒక్కొక్క కుట్టే ఊడదీసింది. ఎర్రదారం ముక్కలు నేల మీద రాలాయి. తరవాత అన్నీ వరసగా సర్ది, దుప్పటి మీద ప్రొకోపి బూట్లు పెట్టింది, ఒకదాని మడమ ఇంకోదాని ముక్కుకి ఆనించి. అదిమింది. అవును, అప్పుడూ ఇలాగే పెట్టింది. పెట్టింది! ఆ చేతులు తప్పు చెయ్యలేదు. మూతి కుట్టి, దారం కొరికి, వేలెడు తోక వదిలేసింది. అత్తతో మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి టీ మాత్రం పోసి ఇచ్చింది. 

బుధవారం పొద్దున వీధిలో పదిమంది పోగయ్యారు. కేషా వ్యాను ఇంజను రాత్రంతా ఆపలేదు. దాని పొగ కదలకుండా అక్కడే తెల్లగా వేలాడుతోంది. వర్వార, కొండదారి కాచే దేవత కనుమ ముసలమ్మకి దారిలో ఇవ్వాల్సిన అట్లు, గుర్రపు వెంట్రుకలు వేరే గుడ్డలో కట్టి కేషా చేతికిచ్చింది. ఫెవ్రోన్యాని తోళ్లలో చుట్టి సీటు మీద కూచోబెట్టింది. మూట ఆమె కాళ్ల దగ్గర పెట్టింది. ఎప్పుడు చేరతారని ఎవరూ అడగలేదు, అడగకూడదు కాబట్టి.

లుకేర్యా మాత్రం ఊరుకోదు కదా. కొత్త శాలువా సర్దుకుంటూ ముందుకొచ్చింది. "ఏమే వర్వారా, ఈసారైనా బూట్లు పెట్టావా? లేక వసారాలో చూసి రానా?"

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చేశారు. మిగతావాళ్లు నేలకేసి చూశారు. స్టీరింగు దగ్గర కేషా దవడ బిగుసుకుంది.

వర్వార లుకేర్యాకేసి చూసింది. ఏడాదిగా ఆ మాటకి తల దించుకునేది. ఈసారి దించలేదు.

"పెట్టాను అక్కా," అంది. "ఈసారి మరిచిపోలేదు."

వ్యాను లోపల ఫెవ్రోన్యా ఒక్కసారిగా కదిలింది. తోళ్లలోంచి ఎడమచెయ్యి బయటికి లాక్కుని తలుపు పట్టుకుంది. మొహమంతా తడి. "ఆగండి," అంది. "వినండర్రా. ఆ బూట్లు..."

"అత్తయ్యా," అంది వర్వార. ఆ చెయ్యి మెల్లగా విడిపించి, తొడుగు వేసి, తోళ్లలోకి దోపింది. గడ్డం కింద శాలువా సర్దింది. ఇద్దరి మొహాలూ బాగా దగ్గరగా ఉన్నాయి. "తలుపు తెరిచి ఉంటే వేడి పోతుంది. క్షేమంగా వెళ్లి రా." అని తలుపు వేసేసింది.

బండి కదిలింది. పది గజాలు పోగానే పొగమంచు మింగేసింది. చప్పుడు మాత్రం కాసేపు వినపడింది.

ప్రయాణమైన వాళ్లు చేరారని తెలిసేదాకా ఇల్లు ఊడవరు. వర్వార ఊడవలేదు. కిటికీ కింద ఎర్రదారం ముక్కలు అలాగే పడి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ నీళ్లకి వెళ్లింది, కట్టెలు తెచ్చింది, ఒక్కర్తీ తింది. లుకేర్యా పిలవని పేరంటంగా ఒకసారి వచ్చి, కూచుని, కబుర్లు చెప్పి, ఆ ముక్కల్ని తొక్కుకుంటూనే వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"చేరాం వదినా!" కేషా గొంతు అలసిపోయి, సంతోషంగా ఉంది. "అమ్మని లోపలికి తీసుకెళ్లారు. మూటతో పని పడలేదు. దారంతా మోకాళ్లకి ఆనించుకుని కూచుంది, జరపమంటే జరపలేదు. కుట్టు మీద చెయ్యి వేసి రాస్తూనే ఉంది. ఆసుపత్రిలోకి పోతూ నాతో ఒకటే మాట అంది. 'ఇంటికెళ్లాక దీన్ని వదినే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు' అంది. ఏడ్చింది కూడా. ఏంటో, భయపడినట్టుంది."

"భయమే అయ్యుంటుంది," అంది వర్వార. "నువ్వేమైనా తిన్నావా?"

ఫోను పెట్టేసి చీపురు తీసుకుంది. పొయ్యి దగ్గర నుంచి మొదలుపెట్టి కిటికీ దాకా ఊడ్చింది. ఎర్రదారం ముక్కల్ని అరచేతిలోకి ఏరుకుంది. గుప్పెడు కూడా లేవు. తను ఏ తప్పూ చెయ్యలేదని ఈ లోకంలో చెప్పగలిగినవి అవే. కాసేపు వెలుతురులో పట్టుకుని చూసింది. తరవాత పొయ్యి తలుపు తెరిచి లోపల వేసేసింది. ఉన్ని కదా, మండలేదు, ముడుచుకుపోయి కమురు వాసన వేసింది.

పొయ్యి ముందు అలాగే నేల మీద కూచుండిపోయింది. ఆ పదకొండు కిలోమీటర్లూ కళ్లకి కట్టాయి. మంచులో ప్రొకోపి నడుస్తున్నాడు, ఆగి జోళ్లు దులుపుకుంటున్నాడు, మళ్లీ నడుస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆ దారిలో ఆమెకి తన తప్పే కనపడేది, అతను కనపడేవాడు కాదు. ఏడాదిపాటు తన కోసమే ఏడ్చుకుంది. ఆ మధ్యాహ్నం, మొదటిసారి, మొగుడి కోసం ఏడ్చింది.